బోర్డు కాలితే లైసెన్సు కూడా కాలిపోవాలా?

సాఫ్ట్‌వేర్ వ్యాపారానికి రెండు నాలుకలు. ఒకటి పన్ను అధికారి ముందు ఆడుతుంది, రెండోది డబ్బు కట్టిన మన ముందు ఆడుతుంది.

అనంతపురం కమలానగర్‌లో ఏ డీటీపీ షాపులోనైనా, ఏ ఫొటో స్టూడియోలోనైనా అడగండి, మదర్‌బోర్డులు ఎందుకు పోతాయో చెబుతారు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వానతో సరిపెట్టుకునే నేల ఇది. ఎండాకాలం రేకుల కింద కూర్చోలేం. దుమ్ము ఫ్యాన్ల నిండా పేరుకుంటుంది. పోయిన కరెంటు వచ్చేటప్పుడు ఒక్కసారిగా ఎగదన్నుకొస్తుంది. మూత విప్పితే కెపాసిటర్ల నెత్తులు ఉబ్బి ఉంటాయి. మెకానిక్ కొత్త బోర్డు బిగిస్తాడు. హార్డ్ డిస్కు అదే, ఫైళ్లు అవే, కూర్చున్న మనిషీ అతనే. కానీ తెర మీద కుడివైపు కింది మూలన ‘యాక్టివేట్ విండోస్’ అన్న అక్షరాలు తేలతాయి. నిన్నటిదాకా కొనుగోలుదారు. ఇవాళ అనుమానితుడు.

ఇందులో మర్మమేమీ లేదు. 2001లో విండోస్ ఎక్స్‌పీతో మైక్రోసాఫ్ట్ ఈ యాక్టివేషన్‌ను ఇళ్లలోకీ షాపుల్లోకీ తెచ్చింది. అప్పటినుంచి మన మిషన్‌లో ఏయే భాగాలున్నాయో అది గుర్తుపెట్టుకుంటుంది. అన్నిటికంటే మదర్‌బోర్డునే ఎక్కువ నమ్ముతుంది. విడిగా కొన్న రిటైల్ లైసెన్సయితే కొత్త బోర్డుకు మార్చుకోవచ్చు. కంప్యూటర్‌తో పాటే వచ్చిన ఓఈఎం లైసెన్సు ఆ మిషన్‌తోనే పుట్టి ఆ మిషన్‌తోనే పోతుంది. బ్రాండెడ్ కంప్యూటర్ కొన్నవాళ్లకు అంటగట్టేది ఈ రెండో రకమే. ఆ సంగతి బిల్లు మీద ఎక్కడైనా రాశారా? ఇంట్లో బిల్లుంటే ఇప్పుడే తీసి చూడండి.

అడోబీ చేసింది ఇంకా ఘోరం. ఫొటోషాప్ సీఎస్3ని పూర్తి ధర పెట్టి కొన్నవాళ్లున్నారు. డిస్కు చేతిలో ఉంది, సీరియల్ నంబరు ఉంది. అయినా కంప్యూటర్ మారిస్తే అది మళ్లీ ఎక్కదు. యాక్టివేషన్ సర్వర్లు పాతబడ్డాయి, తీసేశామని కంపెనీ తాపీగా చెప్పేసింది. కొన్న ప్రోగ్రాముకు కాపీ తీసి దాచుకోవచ్చని 1957 నాటి మన కాపీరైట్ చట్టంలోని 52వ సెక్షన్ చెబుతోంది. దాచుకుని ఏం లాభం? ఆ సర్వర్ ఊ అంటేనే నడవాలని కట్టడి పెట్టింది వాళ్లు. ఆ సర్వర్‌ను ఆపేసిందీ వాళ్లే. నష్టం మాత్రం మనకు.

పొలంలో బోరు మోటారు కాలితే రీవైండింగ్ చేయించుకుంటాం. మోటారు అమ్మినవాడొచ్చి నీళ్లకు మళ్లీ డబ్బు కట్టమంటే ఊరుకుంటామా? ఊరవతల దాకా తరుముతాం. కంప్యూటర్ దగ్గరికొచ్చేసరికి ఎందుకు నోరు పడిపోతోంది?

‘చదవకుండా ఐ అగ్రీ నొక్కింది మీరే కదా’ అనే పెద్దమనుషులు కొందరున్నారు. అయ్యా, ఆ ఒప్పందం ఏ భాషలో ఉంది? డబ్బు కట్టకముందు చూపించారా, కట్టాక చూపించారా? అందులో ఒక్క వాక్యం మార్చమని అడిగే వీలుందా? నొక్కకపోతే పని సాగదు, నొక్కితే హక్కు పోతుంది. దీన్ని సమ్మతి అనడానికి సిగ్గుండాలి.

‘దొంగ కాపీలను ఆపడానికే’ అన్నది ఇంకో వాదన. పచ్చి అబద్ధం. క్రాక్ వేసుకున్నవాడు బోర్డు మారితే మళ్లీ క్రాక్ వేసుకుంటాడు, సాయంత్రానికి పనిలో పడతాడు. బిల్లు తీసుకుని కొన్నవాడే తాను దొంగ కాదని రుజువు చేసుకుంటూ కూర్చోవాలి.

ఇక ఆ రెండు నాలుకల సంగతి. సాఫ్ట్‌వేర్ సరుకు కాదు, దాని మీద అమ్మకం పన్ను వేయకూడదని టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్ వాదిస్తే, సరుకేనని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సుప్రీంకోర్టు దాకా పోరాడింది. 2004 నవంబరు 5న రాజ్యాంగ ధర్మాసనం ప్రభుత్వం వైపే తీర్పిచ్చింది. 2021 మార్చి 2న మరో తీర్పు వచ్చింది. ఈసారి విదేశీ సాఫ్ట్‌వేర్ తెచ్చి అమ్మే సంస్థలే, మేం కొని అమ్మేది సరుకు, కట్టేది రాయల్టీ కాదు, టీడీఎస్ కోయక్కర్లేదని వాదించి గెలిచాయి. పన్ను తప్పించుకోవడానికి అది అమ్మకం. మన బోర్డు కాలినప్పుడు మాత్రం అది అమ్మకం కాదు, ఉత్త అనుమతి! సరుకని తేల్చి పన్ను రాబట్టుకున్న ప్రభుత్వానికీ, ఆ సరుకు కొన్నవాడు గుర్తుకే రాలేదు.

మరి మనం? మూల మీది అక్షరాలను తిట్టుకుంటూ, చివరికి క్రాక్ వేయించుకుని ఊరుకుంటున్నాం. వాళ్లకు కావలసింది అదే. దొంగగా మారినవాడు కోర్టు మెట్లెక్కలేడు.

2019 వినియోగదారుల రక్షణ చట్టంలో అన్యాయపు ఒప్పందం అన్న మాట స్పష్టంగా ఉంది. కొనుగోలుదారుకు నష్టం చేసే అసమంజసమైన షరతు దాని కిందికే వస్తుంది. అలాంటి ఫిర్యాదును రాష్ట్ర కమిషన్ వినాలి. బతుకుతెరువు కోసం తానే షాపు నడుపుకునేవాడూ ఆ చట్టం దృష్టిలో వినియోగదారుడే. ధర్మవరంలో చీరల డిజైన్లు గీసేవాళ్లూ, రాయదుర్గం జీన్స్ షాపుల వాళ్లూ, లెక్కలు రాసేవాళ్లూ, మీ బిల్లులు బయటికి తీయండి. అడగాల్సినవి మూడే. బోర్డు మారినా లైసెన్సు నిలవాలి. నిలవదంటే ఆ మాట డబ్బు తీసుకోకముందే తెలుగులో చెప్పాలి. సర్వర్ ఆపేసే కంపెనీ, యాక్టివేషన్ అక్కర్లేని ప్రతిని కొన్నవాళ్లందరికీ ఇచ్చి ఆపాలి.

ఇంతలో ఎవరి అనుమతీ అడగని దారి కూడా ఉంది. కేరళ ప్రభుత్వ బడులు ఏళ్లుగా స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మీదే నడుస్తున్నాయి. తెలుగులో లినక్స్ కోసం హైదరాబాద్ స్వేచ్ఛ బృందం ఎప్పుడో నడుం కట్టింది. మండలి, రామభద్ర లాంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితం. ఏ బోర్డు మార్చినా అవి మిమ్మల్ని ఎవరని అడగవు. అలవాటు లేదంటారా? పేజ్‌మేకర్ మాత్రం పుట్టుకతో వచ్చిందా? నేర్చుకున్నారు. ఇదీ నేర్చుకోండి.

రెండూ చేయనివాళ్లు వచ్చే వేసవిలో బోర్డు కాలినప్పుడు నా దగ్గరికొచ్చి ఏడవకండి. డబ్బు కట్టిన చోట హక్కు అడగనివాడిని దోచుకోవడానికి ఏ కంపెనీకీ తెలివి అక్కర్లేదు.