టన్నులు కాదు, మనుషులను లెక్కపెట్టాలి

2020 జూన్ 27న నంద్యాలలోని ఎస్పీవై ఆగ్రో ఫ్యాక్టరీలో అమ్మోనియా పైపు లీకై ఒకరు చనిపోయారు. ఆయన నిన్నగాక మొన్న పనిలో చేరిన కూలీ కాదు, ఆ ఫ్యాక్టరీ జనరల్ మేనేజరు. రెండు నెలలు తిరక్కముందే, ఆగస్టు 20న చిత్తూరు జిల్లా పూతలపట్టు మండలంలోని ఒక పాల ఫ్యాక్టరీలో అదే గ్యాస్ లీకైంది. ఆస్పత్రి పాలైనవారిలో ఎక్కువమంది ఆడవాళ్లే. ఆ ఏడాది మే 7న విశాఖలో ప్రాణాలు తీసిన స్టైరీన్ గురించి ఇప్పటికీ మాట్లాడుకుంటున్నాం. ఈ రెండింటినీ మాత్రం త్వరగానే మరిచిపోయాం. కడప, కర్నూలు ప్రాంతంలో పాలకు, పండ్లకు, మిరపకు కోల్డ్ స్టోరేజీలు ఇంకా రావాలని రైతు కోరుకుంటున్నాడు. ఆ కోరిక న్యాయమైనదే. అందుకే వాటికి చలువనిచ్చే అమ్మోనియా గురించి ముందే తేల్చుకోవాలి.

మన నిబంధనలు ప్రమాదాన్ని ప్రధానంగా టన్నుల్లో తూస్తాయి. భోపాల్ గ్యాస్ దుర్ఘటన తర్వాత, 1989లో వచ్చిన ప్రమాదకర రసాయనాల నిబంధనల్లోని గట్టి షరతులు పదుల, వందల టన్నుల నిల్వ ఉన్నచోటే వర్తిస్తాయి. ఎరువుల ఫ్యాక్టరీకి ఆ కొలత సరిపోతుంది. కోల్డ్ స్టోరేజీలో ఉండేది సాధారణంగా కొద్ది టన్నులే. అయితే అది మనుషులు పనిచేసే నాలుగు గోడల మధ్య ఉంటుంది. ఒక లీటరు ద్రవ అమ్మోనియా ఆవిరైతే ఎనిమిది వందల లీటర్లకు పైగా గ్యాస్ అవుతుంది. గాలిలో పది లక్షల పాళ్లకు 300 పాళ్లు చేరిందంటే ప్రాణాపాయమే. తడి ఎక్కడుంటే అక్కడికి పోయే గుణం దానిది కాబట్టి మొదట కళ్లను, గొంతును, ఊపిరితిత్తులను పట్టుకుంటుంది. 2017 అక్టోబరులో కెనడాలోని ఫెర్నీ అనే చిన్న ఊళ్లో ముగ్గురిని చంపింది పెద్ద రసాయన కర్మాగారం కాదు, జనం స్కేటింగ్ చేసే మంచు మైదానంలోని చిల్లర్. అది లీకవుతోందని తెలిసీ మళ్లీ నడిపారు.

ఈ ప్రమాదాల్లో చాలావరకు యంత్రం మామూలుగా నడిచేటప్పుడు కాదు, మనిషి దాని మీద చెయ్యి వేసినప్పుడు జరుగుతాయి. కంప్రెసర్‌లోని ఆయిల్ కొంచెం కొంచెంగా అమ్మోనియా వెంట వెళ్లి ట్యాంకుల అడుగున చేరుతుంది. దాన్ని అప్పుడప్పుడు తీసేయాలి. ఆపరేటర్ బకెట్ పెట్టి వాల్వు తిప్పుతాడు. చలికి చిక్కబడ్డ ఆయిల్ మెల్లగా కారుతుంటే ఇంకొంచెం తిప్పుతాడు. ఆయిల్ అయిపోయిన క్షణంలో వెనకే అమ్మోనియా ముఖమ్మీదికి ఎగదన్నుతుంది. తెల్లటి పొగలో మళ్లీ వాల్వు చేతికి దొరకదు. చెయ్యి తీయగానే స్ప్రింగుతో తనంతట మూసుకునే వాల్వు అక్కడ ఉంటే ఆ లీకు అక్కడితో ఆగిపోతుంది. దీనికి మన ఎండ, మన నీళ్లు ఇంకో బరువు కలుపుతాయి. 40 డిగ్రీల దగ్గర పైపుల్లో అమ్మోనియా పీడనం వాతావరణ పీడనానికి 15 రెట్లు ఉంటుంది. బోరు నీళ్ల ఉప్పు కండెన్సర్ గొట్టాలకు గార కట్టిందంటే అది ఇంకా పెరుగుతుంది. రాయలసీమలో ఆ గారను గీకడం కరెంటు బిల్లు తగ్గించుకునే పని మాత్రమే కాదు, ప్రాణరక్షణ.

అమ్మోనియా ఘాటుకు అందరూ ముందే బయటికి పరుగెత్తుతారు కదా అని కొందరంటారు. ప్రమాదం వచ్చిందని వాసన చెబుతుంది గానీ, ఎటు పోవాలో చెప్పదు. అంత అనుభవమున్న జనరల్ మేనేజరే బలయ్యాడంటే, తెలియడం ఒక్కటే చాలదని అర్థం. మరి ఈ గ్యాస్‌నే మానేసి ఫ్రియాన్‌కు మారవచ్చు కదా అంటే, అమ్మోనియా ఓజోన్ పొరను చెరపదు, భూమిని వేడెక్కించదు, చవక కూడా. దాన్ని వదులుకోనక్కర్లేదు, అదుపులో పెట్టుకుంటే చాలు. ఇక మూడోది ఖర్చు. చిన్న యూనిట్ల మీద ఇన్‌స్పెక్టర్ల పెత్తనం పెరిగితే అవి మూతపడతాయన్న భయం అబద్ధం కాదు. అయితే నేను అడిగేవాటిలో చాలావరకు ఖరీదైనవి కావు: స్ప్రింగు వాల్వు, బయటికి తెరుచుకునే తలుపులు, గాలివాటం చూపే గుడ్డ గొట్టం, తాళం వేసిన బీరువాలో కాక ప్లాంటు గది బయట వేలాడే మాస్కులు, కళ్లు కడుక్కునే నీటి ధార. పైపు విప్పేముందు రాతపూర్వక అనుమతి, పక్కన రెండో మనిషి ఉండాలన్న నియమానికి పెట్టుబడే అక్కర్లేదు. కోల్డ్ స్టోరేజీలకు ప్రభుత్వం సబ్సిడీ ఇస్తూనే ఉంది. ఆ డబ్బు విడుదలకు వీటినే షరతు చేస్తే చిన్న యజమాని మీద కొత్త భారం పడదు.

తనిఖీకి వచ్చే అధికారి రిజిస్టరు తెరిచేముందు ప్యాకింగ్ లైను చివర నిలబడ్డ కాంట్రాక్టు కార్మికురాలి దగ్గరికి వెళ్లాలి. గ్యాస్ లీకైతే ఏ తలుపు నుంచి వెళతావమ్మా, గాలికి ఎటువైపు నిలబడతావు అని అడగాలి. ఆమె తడుముకోకుండా చూపిస్తే ఆ ఫ్యాక్టరీలో భద్రత ఉన్నట్టు. చూపించలేకపోతే, ట్యాంకులో ఒక్క టన్నే ఉన్నా అది ప్రమాదకరమైన ఫ్యాక్టరీయే.