పెట్టె మనది, తాళంచెవి కంపెనీది



పోయిన ఎండాకాలం పూర్వ విద్యార్థులం కొందరం కలిసి హాస్టల్‌కు మూడు పాత కంప్యూటర్లు తెచ్చి, వాటిలో డెబియన్ లినక్స్ వేశాం. నెట్ కోసం ఒక వైఫై డాంగిల్ కొన్నాం. దాని డ్రైవర్ కెర్నెల్‌లో లేదు. కంపెనీ విడిగా ఇచ్చిన ఫైలు ఎక్కించాల్సి వచ్చింది. రెండు నెలలు బాగానే నడిచింది. ఒక ఆదివారం నేనే అప్‌గ్రేడ్ చేశాను. కెర్నెల్ మారింది, డాంగిల్ మూగబోయింది. డ్రైవర్ వెతకాలంటే నెట్ కావాలి, నెట్ రావాలంటే డ్రైవర్ కావాలి. పిచ్చి కుదిరితేగాని పెళ్లి కాదు, పెళ్లయితేగాని పిచ్చి కుదరదు!

మర్నాడే ఒక తమ్ముడి స్కాలర్‌షిప్ దరఖాస్తుకు ఆఖరి రోజు. పాపం, సంగారెడ్డి బస్టాండు దాకా పోయి ఇంటర్నెట్ సెంటర్‌లో పైసలు కట్టి నింపుకున్నాడు. "అన్నా, విండోస్ అయితే ఇట్ల కాకపోవు గదా" అన్నాడు. ఆ మాటకు జవాబే ఈ వ్యాసం.

విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. 11 ఎక్కించడానికి మన పాత పెట్టెలు పనికిరావు. ఇక లినక్స్ సంగతి. కెర్నెల్‌లో ఉన్న డ్రైవర్లను, కెర్నెల్ మార్చేవాళ్లే దానితోపాటు సరిచేస్తారు. బయట ఉన్నదాన్ని కంపెనీయే సరిచేయాలి. కొత్త మోడల్ అమ్ముకునేవాడికి మన పాత డాంగిల్ మీద ఏం ప్రేమ? పటాన్‌చెరు, పాశమైలారంలో పనిచేసే అన్నలకు ఇది తెలిసిన బాధే. మా షెడ్డులో ఒక మెషీన్ పీఎల్‌సీ ప్రోగ్రాంకు పాస్‌వర్డ్ ఉంది. ఒక్క టైమర్ మార్చాలన్నా అమ్మినవాళ్ల ఇంజనీరు రావాలి. అంతవరకు షిఫ్టు ఖాళీ.

పెద్ద పెద్దవాళ్లకే తప్పలేదు. 2012లో ఫిన్లాండులో లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ ఎన్విడియా కంపెనీని సభలోనే తిట్టాడు. ఆ కంపెనీ 2022 మే నెలలో కెర్నెల్ మాడ్యూళ్ల కోడ్ బయటపెట్టింది. అదీ కొత్త తరం కార్డులకే! పాత కార్డు ఉన్న పేదవాడికి దక్కిందేమీ లేదు.

అలాగని నేను మడి కట్టుకుని కూర్చునే రకం కాదు. డెబియన్ వాళ్లు 2022లో ఓటింగ్ పెట్టుకుని, 2023 జూన్‌లో వచ్చిన 12వ వెర్షన్ నుంచి, కోడ్ ఇవ్వని ఫర్మ్‌వేర్‌ను కూడా ఇన్‌స్టలేషన్ డిస్కులోనే ఇస్తున్నారు. సిద్ధాంతం చెడిందన్నవాళ్లున్నారు. నెట్టే రాని కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి పిల్లవాడికి స్వేచ్ఛ గురించి ఏం చెప్తాం? పట్టుబట్టాల్సింది కొనేచోట. డాంగిల్ గానీ ప్రింటర్ గానీ, లోపలి చిప్ పేరు అడిగి, డ్రైవర్ కెర్నెల్‌లో ఉందని తెలిశాకే డబ్బు తీయాలి. మేము అడగలేదు, చవకని కొన్నాం.

ప్రస్తుతం గ్రబ్ మెనూలో పాత కెర్నెల్ ఎంచుకుని నడుపుతున్నాం. దానికి భద్రతా సవరణలు రావు గనుక ఎక్కువ రోజులు ఉంచలేం. ఫోన్‌ను కేబుల్‌తో కలిపితే నెట్ వస్తుందని ఆ రోజు నాకు తట్టలేదు, తమ్ముడు క్షమించాలి. కొత్త డాంగిల్‌కు నా వంతు డబ్బు ఇస్తున్నాను. ఈసారి చిప్ పేరు మీరే చూసి చెప్పండి.