చిన్న దీపం, దూరపు వెలుగు

ఒకప్పుడు రాత్రిపూట పొలం వెళ్లే రైతు చేతిలో మూడు సెల్లుల బ్యాటరీ లైటు ఉండేది. ఇప్పుడు ఒక్క సెల్లుతో వెలిగే చిన్న టార్చి జేబులో ఉంటోంది. దాని తల ముందుకు లాగితే వెలుగు ఒకచోటికి చేరి దూరం పోతుంది. వెనక్కి నెడితే విచ్చుకుని కాళ్ల చుట్టూ పరుచుకుంటుంది. గట్టు మీద పాము ఉందేమో చూసుకోవాలన్నా, అవతలి మడి దగ్గర మోటారు షెడ్డు తలుపు వేసి ఉందో లేదో తెలియాలన్నా అదే ఆధారం.

ఇది మసకబారితే మనవాళ్లు పారేసి, డబ్బా మీద వెలుగుకు ఇంకా పెద్ద అంకె రాసి ఉన్నది కొంటున్నారు. పారేయనక్కర్లేదు. ముందు సెల్లు మార్చి, వెనక మూత మరల్లో చేరిన మురికి తుడవండి. అప్పటికీ వెలుగు రాకపోతే లోపలి ఎల్‌ఈడీ ఒక్కటే మార్చుకోవచ్చు. టంకం పెట్టడం వచ్చినవాళ్లకు అది పెద్ద పనేమీ కాదు. హైదరాబాదు కోఠీలో గుజరాతీ గల్లీ లాంటి చోట్ల విడిభాగాలు దొరుకుతాయి.

అయితే ఎల్‌ఈడీ ఎంచుకోవడంలోనూ పెద్దదాని వెంట పడకూడదని నాకు అనుభవంతోనే తెలిసింది. నా టార్చిలో పాత ఎల్‌ఈడీ తీసి, దానికన్నా చాలా పెద్దది పెట్టాను. గదిలో గోడ మీద వేస్తే వెలుగు వెడల్పుగా పడింది, సంతోషించాను. పెరట్లోకి వెళ్లి కొబ్బరిచెట్టు మొవ్వు మీద వేస్తే ఇదివరకు కనిపించిన గెల కూడా సరిగ్గా ఆనలేదు.

కారణం కటకంలో ఉంది. ఇలాంటి టార్చి ముందున్న కటకం ఎల్‌ఈడీ చిప్పు రూపాన్నే పెద్దది చేసి దూరాన పడేస్తుంది. గోడ మీద వెలుగు నలుచదరంగా కనబడేది అందుకే. క్రీ కంపెనీ ఎల్‌ఈడీలనే తీసుకుంటే, ఎక్స్‌పీ-ఈ చిప్పు పక్క కొలత సుమారు 1 మిల్లీమీటరు, ఎక్స్‌ఎం-ఎల్‌ది సుమారు 2. పక్క రెట్టింపయితే వెలుగు పడే చోటు నాలుగింతలవుతుంది. ఎల్‌ఈడీకి కరెంటు అందించే లోపలి సర్క్యూటు, అంటే డ్రైవరు, పంపే కరెంటు మాత్రం పాతదే. కాబట్టి వెలుగు నాలుగింతలు కాదు, ఉన్నదే పలచబడుతుంది. దూరం చూడాలంటే చిన్న చిప్పే కావాలి. ఇంట్లో కరెంటు పోయినప్పుడు వాడుకోవడానికైతే పెద్దది పనికొస్తుంది. కొత్త ఎల్‌ఈడీ పాతదాని ఎత్తులోనే కూర్చోవాలి, లేకపోతే ఫోకస్ కుదరదు.

మరో సంగతి వేడి. పాత తీగ బల్బు తన వేడిలో చాలా భాగాన్ని వెలుగుతోపాటే ముందుకు వదిలేది. ఎల్‌ఈడీ వేడి అడుగు నుంచి లోహపు పళ్లెంలోకి, అక్కడినుంచి టార్చి ఒంట్లోకి పోవాలి. ఆ దారి మూసుకుపోతే ఎంత మంచి ఎల్‌ఈడీ అయినా త్వరగా నీరసిస్తుంది. అందుకే పళ్లెం కింద పాత పేస్టు తుడిచి, కొత్త థర్మల్ పేస్టు పలచగా రాయడం మరవొద్దు. టంకం పెట్టేటప్పుడు ప్లస్, మైనస్ వైర్లు తారుమారైతే దీపం వెలగదు.

వెలుగు చాలలేదని 14500 లిథియం సెల్లు వేసేవాళ్లున్నారు. సైజు మామూలు పెన్సిల్ సెల్లంతే, వోల్టేజి వేరు. మామూలు సెల్లు 1.5 వోల్టులు, నిండా చార్జయిన లిథియం సెల్లు 4.2. డ్రైవరు అంత తట్టుకుంటుందని తెలిస్తే తప్ప వేయొద్దు. వెలిగిందో లేదో చూడటానికి టార్చిని కళ్లకు ఎదురుగా పెట్టుకోవద్దు, గోడ మీద వేసి చూడండి.

టార్చి కొనేముందు దుకాణంలోనే తల మర తిప్పి చూడండి. విడివడి వస్తే ఆ టార్చికి దీపం మార్చుకోవచ్చు, ఇంకో ఆయుష్షు ఉంటుంది. జిగురు పెట్టి అతికించేసి ఉంటే, డబ్బా మీద ఎంత పెద్ద అంకె ఉన్నా, తీసుకోకండి.