పాత సైకిలుకు మోటారా? కొత్త సైకిలా?

మూలనున్న పాత సైకిలుకే మోటారు బిగించుకుందామా, లేక ఎలక్ట్రిక్ సైకిలు కొందామా అని ఆలోచించే కుటుంబాలు ఇప్పుడు చాలా ఉన్నాయి. నాన్నగారు తొక్కిన సైకిలును తీసేయ మనసొప్పదు. ఆ మమకారాన్ని మేము కాదనము. అయితే రేపు దానిమీద ఎక్కేదెవరో ముందు చూడండి. మోకాళ్ళ నొప్పులున్న తాతయ్యా? ట్యూషనుకు వెళ్ళే అబ్బాయా?

కిట్ అంటే మోటారు ఇమిడ్చిన చక్రం, కంట్రోలరు, బ్యాటరీ. ఖర్చులో పెద్ద వాటా బ్యాటరీదే. కొన్ని కిట్లకు దాని ధర వేరుగా ఉంటుంది గనుక అడిగి తెలుసుకోండి. 36 వోల్టుల, 10 ఆంపియర్-అవర్ బ్యాటరీ నిండడానికి అర యూనిట్ కరెంటు చాలు. మనమూ తొక్కుతూ ఉంటే సుమారు పాతిక కిలోమీటర్లు వస్తుంది.

మా దిగులంతా బ్రేకుల గురించే. పాతకాలపు నల్ల సైకిళ్ళకు కడ్డీ బ్రేకులుంటాయి. వానకు తడిసిన స్టీలు రిమ్ము మీద ఆ రబ్బరు ముక్కలకు పట్టు చిక్కదు. 12 కిలోమీటర్ల వేగంతో పోయే సైకిలు మోటారుతో 24 అందుకుంటే, ఆపడానికి బ్రేకు చేయవలసిన పని రెండింతలు కాదు, నాలుగింతలు! పైగా బ్రేకు పట్టగానే మోటారును ఆపే స్విచ్చి సాధారణంగా కిట్‌తో వచ్చే వైరు బ్రేకు పిడిలో ఉంటుంది. కడ్డీ బ్రేకుకు ఆ పిడి కుదరదు. రిమ్ములు, బ్రేకులు, ఫోర్కు అన్నీ మార్చుకుంటూ పోతే నాన్నగారి సైకిలులో మిగిలేది ఫ్రేము, సీటు.

ముందు చక్రానికి మోటారు పెడితే ఇరుసు గాడిలో తిరగకుండా టార్క్ ఆర్మ్ అనే ఇనుప పట్టీ తప్పక వేయించాలి. లేకుంటే చక్రమే ఊడిరావచ్చు.

చట్టం సంగతి ఒకటుంది. మోటారు 250 వాట్ల లోపు, వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు ఉంటే రిజిస్ట్రేషను, లైసెన్సు అక్కరలేదని అందరూ అంటారు. నిజమే, కాని ఆ మినహాయింపుకు పరీక్షా సంస్థ ధ్రువీకరణ ఉండాలి. పేరున్న కంపెనీ సైకిలు కొనేటప్పుడు ఆ కాగితం అడగవచ్చు. ఇంట్లో బిగించినదానికి ఎవరిస్తారు? 500 వాట్ల కిట్ల జోలికి అసలే పోవద్దు.

వైరు బ్రేకులు, గట్టి స్టీలు ఫోర్కు ఉన్న సైకిలై, తెలిసిన మెకానిక్కు దగ్గరలో ఉంటే పెద్దవారు కిట్ వేయించుకోవచ్చు. పిల్లల కోసమైతే మేము కొత్తదే కొనమంటాము. ఏది తెచ్చుకున్నా, బ్యాటరీని రాత్రివేళ గుమ్మం దగ్గర ఛార్జింగు పెట్టి నిద్రపోవద్దు. మంటలు లేస్తే బయటికి దారి అదే కదా.