ఏ దేశానికి పంపుదాం? ఏ భాష నేర్పుదాం?

పోయిన శుక్రవారం జుమా నమాజు ముగిశాక జగిత్యాలలో మసీదు మెట్ల దగ్గర చెప్పులు వెదుక్కుంటుంటే, కోరుట్ల నుండి వచ్చిన ఒక పెద్దమనిషి నా చేయి పట్టుకున్నారు. ఆయన జేబులో కొడుకు పాస్‌పోర్టు ఉంది. "మౌల్వీసాబ్! పిల్లవాడు డిగ్రీ అయిపోగొట్టాడు. మంచి దేశం ఒకటి చెప్పండి. అరబ్బీ రావాలి, నాలుగు డబ్బులు రావాలి, అల్లాహ్ తలిస్తే అక్కడే స్థిరపడాలి" అన్నారు.

ఒక్క ఊపిరిలో ఆయన మూడు కోరికలు కోరారు. మూడూ ఒకేచోట దొరుకుతాయని మన ఇళ్ళలో గట్టి నమ్మకం. ముప్ఫయి ఏళ్ళ క్రితం నాకూ ఆ నమ్మకమే ఉండేది. నా మాట మీద కొందరు తండ్రులు కొడుకులను పంపారు కూడా. అందుకే ఈ విషయం రాయవలసిన బాధ్యత నా మీద ఉందనుకుంటున్నాను.

మన ప్రాంతంలో ఎవరు మస్కట్ పోయినా, కువైట్ పోయినా "దుబాయి పోయిండు" అనే అంటారు. సిరిసిల్లలో మరమగ్గం ఆగితే దుబాయి, మెట్ట పొలంలో బోరు ఎండితే దుబాయి, కోరుట్లలో తల్లి బీడీలు చుట్టి కూడబెట్టింది బిడ్డ పెళ్ళికి చాలకపోతే దుబాయి. హిందువులూ పోయారు, ముస్లింలూ పోయారు. అయితే మనవాళ్ళ ప్రయాణంలో అదనంగా ఒక ఆశ ఉంటుంది. అది ఖుర్ఆన్ భాష మాట్లాడే నేల కదా, పదేళ్ళుంటే ఆ భాష దానంతటదే వస్తుందని.

రాదు. ఎమిరేట్స్‌లోనూ ఖతర్‌లోనూ ఉండేవారిలో స్థానిక పౌరులు సుమారు పదిమందికి ఒక్కరే. మన కుర్రవాడు ఉండే క్యాంపులో పక్క మంచం బీహారుది, ఎదురు మంచం నేపాల్‌ది, ఫోర్‌మన్ కేరళవాడు, దుకాణదారు బంగ్లాదేశీయుడు. పొద్దస్తమానం నడిచేది హిందీ, ఉర్దూయే. అరబ్బు యజమాని కూలివానితో మాట్లాడేటప్పుడు తన భాషను కూడా విరిచి, విభక్తులు తీసేసి మాట్లాడతాడు. అలా విరిగిన అరబ్బీలో "మాఫీ" అంటే "లేదు" అని అర్థం. మన ఉర్దూలో మాఫీ అంటే క్షమాపణ. జీతం అడిగితే "ఫులూస్ మాఫీ" అన్న యజమాని మాట విని, అప్పు మాఫీ చేశాడేమోనని సంబరపడ్డ మనిషిని నేనెరుగుదును. ఉర్దూ వచ్చినవాడికి అరబ్బీ సగం వచ్చినట్టేనని మనం అనుకుంటాం. అందులోనే మోసపోతాం. మన గరీబ్ పేదవాడు, అరబ్బుల గరీబ్ పరాయివాడు. మనకు ఫుర్సత్ అంటే తీరిక, వాళ్ళకు అదే మాట అవకాశం.

నవ్వు తెప్పించే సంగతి ఇంతవరకే. నా దగ్గర చిన్నప్పుడు నాజిరా చదువుకున్న కోరుట్ల పిల్లవాడొకడు 2004లో సౌదీ వెళ్ళాడు. మంచి కంఠం. రంజాన్‌లో అతడు చదువుతుంటే పెద్దలు కూడా ఆగి వినేవారు. కొన్నేళ్ళు పనిచేశాక కంపెనీ మారదలచాడు. ఐదు నెలల జీతం బాకీ ఉంది. ఆఫీసులో ఒక కాగితం ముందు పెట్టి సంతకం చేయమన్నారు. పైన పెద్ద అక్షరాలతో "ముఖాలసా" అని ఉంది. కాగితమంతా గడగడ చదివాడట. తప్పులేకుండా, మఖ్రజ్ చెడకుండా చదివాడట! ముఖాలసా అంటే ముఖ్లిస్ లాంటిదేదో, చిత్తశుద్ధిగా పనిచేశాడని ఇచ్చే యోగ్యతా పత్రం కాబోలు అనుకుని సంతకం పెట్టాడు. నాకు రావలసిన బాకీలన్నీ ముట్టినవి, ఇక కంపెనీ మీద నాకు ఏ హక్కూ లేదని రాసిచ్చే చెల్లుచీటీ అది. ఐదు నెలల జీతం పోయింది.

ఇంటికి వచ్చినప్పుడు ఈ సంగతి నాకు చెప్పి, "ఉస్తాద్! మీరు నేర్పిన ప్రతి అక్షరం చదివాను" అన్నాడు. ఆ మాటలో నింద లేదు. కాని ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అక్షరాలు నేర్పాను. అర్థం నేర్పలేదు.

సౌదీ కార్మిక చట్టం ప్రకారం ఒప్పందంలో అరబ్బీ ప్రతికీ, వేరే భాషలోని ప్రతికీ తేడా వస్తే అరబ్బీదే చెల్లుతుంది. దుబాయి కోర్టుల భాష కూడా అరబ్బీయే. ఒక నేపాలీ కావలివాని హత్య కేసులో దాదాపు 18 సంవత్సరాలు అక్కడి జైలులో మగ్గిన సిరిసిల్ల ప్రాంతపు కూలీలు 2024లో ఇళ్ళకు చేరిన వార్త పత్రికలలో అందరం చదివాము. తప్పొప్పుల జోలికి నేను పోను. తన బతుకును తేల్చే మాటలు తనకు తెలియని భాషలో జరుగుతుంటే బోనులో నిలబడిన మనిషి స్థితి ఎలా ఉంటుందో మాత్రం ఊహించండి.

మరి అరబ్బీ ఎక్కడ నేర్చుకోవాలి? పని కోసం కాక, చదువు కోసమే వెళ్ళేవాడికి మార్గాలు వేరు. 1961లో స్థాపించిన మదీనా ఇస్లామిక్ విశ్వవిద్యాలయం పరదేశ విద్యార్థులకు ఉపకార వేతనమిచ్చి, ముందు భాష నేర్పి, తరువాత శాస్త్రం నేర్పుతుంది. కైరోలో అల్ అజ్‌హర్ ఉంది. అక్కడ తరగతి గదిలోని అరబ్బీ వేరు, బజారు అరబ్బీ వేరు. "ఇప్పుడు" అనడానికి గ్రంథ భాషలో "అల్ ఆన్" అంటే, కైరో కూరగాయలవాడు "దిల్‌వఖ్తి" అంటాడు, గల్ఫ్ డ్రైవరు "అల్హీన్" అంటాడు. రెండూ నేర్వాలి, గ్రంథ భాష ముందు నేర్వాలి. అయితే ఈ చదువులన్నీ ముగిశాక తిరిగి రావలసినవే. విద్యార్థి వీసాను స్థిరనివాసానికి నిచ్చెన అనుకోవద్దు.

మొదటి మెట్టు ఎక్కడానికి విమానం కూడా అక్కరలేదు. అరబ్బులు కానివారికి అరబ్బీ నేర్పడానికి ప్రపంచమంతా చదివే మదీనా పాఠ్యపుస్తకాలు రాసింది ఎవరు? తమిళనాడులోని వాణియంబాడిలో 1933లో పుట్టి, 2023లో కన్నుమూసిన డాక్టర్ వి. అబ్దుర్రహీమ్. మన దక్షిణాదివాడే. హైదరాబాద్‌లో 1876 నాటి జామియా నిజామియా ఉంది, ఉస్మానియాలో అరబ్బీ శాఖ ఉంది, ఇఫ్లూ ఉంది. ఏజెంటుకు లక్షలు కట్టే ముందు ఒక్క ఏడాది ఇక్కడ కూర్చుంటే ముఖాలసా అన్న మాటకు అర్థం తెలిసేది.

ఇక మూడవ కోరిక, స్థిరపడడం. ఇక్కడ సూటిగా మాట్లాడక తప్పదు. గల్ఫ్‌లో ఇరవై ఏళ్ళు చెమటోడ్చినా ఇఖామా గడువు ఇఖామా గడువే. అరబ్బీ ఎంత చక్కగా వచ్చినా ఆ కారణంగా ఒక్క రోజు పెరగదు. సౌదీ 2019లో శాశ్వత నివాసం ఒకటి ప్రకటించింది. దాని రుసుము 8 లక్షల రియాళ్ళు. మన లెక్కలో కోటిన్నరకు పైమాటే! 2017 జూలై నుండి కుటుంబ సభ్యుల మీద వేసిన రుసుము మొదట తలకు నెలకు 100 రియాళ్ళు, ఏటా పెరిగి 2020 నాటికి 400 అయింది. భార్య, ముగ్గురు పిల్లలు ఉన్నవాడు ఏడాదికి 19,200 రియాళ్ళు కట్టాలి. డ్రైవరు జీతంలో ఇక మిగిలేదేమిటి?

నేను చెప్పిన ఆ కోరుట్ల శిష్యుడు 2018లో భార్యాపిల్లలతో తిరిగి వచ్చాడు. పిల్లలు దమ్మామ్‌లో పెరిగారు. అరబ్బీ రాలేదు, ఎందుకంటే చదివింది భారతీయ పాఠశాలలో ఇంగ్లీషు మీడియం. తెలుగు రాలేదు, ఎందుకంటే వినే అవకాశమే లేదు. ఆ సంవత్సరమే మన రాష్ట్రంలో బడుల్లో తెలుగును తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చింది. పన్నెండేళ్ళ పిల్లవాడు "అ ఆ" దగ్గర కూర్చున్నాడు. సొంత నాయనమ్మ పక్కింటామెతో ఏం మాట్లాడుతున్నదో వాడికి తెలియదు.

భాష నేర్చినవానికి నిలువనీడ ఇచ్చే దేశాలు లేవా? ఉన్నాయి. జర్మనీలో బ్లూ కార్డు మీద పనిచేసే ఉద్యోగికి జర్మన్ భాష ఎ1 స్థాయిలో వస్తే 27 నెలలకు, బి1 స్థాయిలో వస్తే 21 నెలలకు శాశ్వత నివాసానుమతికి అర్హత కలుగుతుంది. అంటే భాషకు అక్కడ నెలల లెక్కన విలువ కట్టారు! 2024లో మార్చిన చట్టం ప్రకారం ఐదేళ్ళకు పౌరసత్వం అడగవచ్చు, బి1 భాష, సొంత సంపాదన ఉండాలి. నర్సుగా గుర్తింపు రావాలంటే సాధారణంగా బి2 కావాలి. జపాన్ 2019లో కొత్త వీసా తెచ్చింది. అక్కడ ఎన్4 స్థాయి భాష వస్తే కొన్ని వృత్తులలోకి తీసుకుంటారు. కాని మొదటి తరగతి వీసాలో ఐదేళ్ళ వరకు భార్యాపిల్లలను తీసుకుపోవడానికి వీలులేదు. ఏజెంట్లు ఈ మాట చివరన చెబుతారు, లేదా అసలు చెప్పరు.

ఊరికే వచ్చేదేదీ లేదు. పరదేశపు పౌరసత్వం తీసుకున్నవానికి భారత పౌరసత్వం ఉండదు, ఓసీఐ కార్డు ఒక్కటే మిగులుతుంది. దాంతో ఓటు లేదు, పొలం కొనే హక్కు లేదు. జుమా వేళకు సెలవు యజమాని దయ. చలికాలంలో నాలుగున్నరకే పొద్దు గుంకుతుంది, ఆ నెలల్లో మనుషులు దిగులుపడిపోతారని చూసినవాళ్ళు చెబుతారు.

సిరిసిల్లలో నర్సింగు పూర్తిచేసిన ఒక అమ్మాయి తల్లి ఈ మధ్య ఇదే అడిగింది. అమ్మాయి జర్మనీ అంటుంది, ఇంట్లోవాళ్ళు సౌదీ అంటారు, ఉమ్రా కూడా అవుతుందని. ఉమ్రా కోరిక మంచిదే, దాన్ని తక్కువ చేయను. కాని అమ్మాయి తన జీవితమంతా ఎక్కడ గడపాలనుకుంటున్నదో అడిగారా అన్నాను. సౌదీ ఆసుపత్రిలో ఐదారేళ్ళు చేసి తిరిగి వచ్చి ఇక్కడే ఇల్లు కట్టుకునే ఉద్దేశముంటే అదే సరి. పిల్లలను అక్కడే పెంచే ఉద్దేశముంటే ఈ సంవత్సరమే జర్మన్ మొదలుపెట్టాలి. హైదరాబాద్ గోథే జెంట్రుమ్‌లో తరగతులున్నాయి. రెండూ కాక, ముందు ఎక్కడికో ఒకచోటికి పోనీ, తరువాత చూద్దాం అనడమే మన ఇళ్ళను ముంచింది.

మసీదు మెట్ల దగ్గరికి తిరిగి వస్తాను. తండ్రి మాట్లాడుతున్నంతసేపూ కొడుకు కాస్త దూరంగా బండి పట్టుకుని నిలుచున్నాడు. పిలిచి, "నీవేమంటావు బాబూ?" అన్నాను. తండ్రి ఆశ్చర్యంగా చూశారు. ఆ ప్రశ్న ఇంట్లో ఎవరూ అడిగినట్టు లేదు. కుర్రవాడు తల వంచుకుని, "అమ్మీ ఇక్కడే ఉంటుంది కదా ఉస్తాద్! నేను అక్కడే ఎందుకుంటాను? అక్క పెళ్ళి అప్పు తీరితే చాలు" అన్నాడు.

అయితే జర్మనీ అక్కరలేదు, గల్ఫే సరిపోతుంది, ఐదేళ్ళ లెక్క వేసుకో అన్నాను. ఆదివారం ఫజ్ర్ తరువాత నా దగ్గరికి రమ్మన్నాను. పాస్‌పోర్టు ఇంట్లో పెట్టి రెండువందల పేజీల నోటుపుస్తకం ఒకటి తెచ్చుకోమన్నాను.