అలమేలుమంగమ్మగారి కుమారుడు



పండితుల జీవితములను వ్రాయువారు సాధారణముగా వారి గురువుల పేరులతో మొదలుపెట్టుదురు. ఏ పాఠశాలలో చదివిరి, ఏ కొలువున నిలిచిరి, ఏ సభలో సన్మానము పొందిరి అను విషయములు వరుసగా వచ్చును. తల్లి పేరు మాత్రము పుట్టుకను చెప్పు వాక్యములో ఒక్కమాఱు కనబడి, మఱల కనబడదు. ఈ నెల మనము తలచుకొనబోవు ఆచార్యుని విషయమున అట్లు చేయుటకు వీలులేదు. ఆయనకు మొదటి సంగీతగురువు తల్లియే. ఆమె యిచ్చిన విద్యయే కడపటికి ఆయనచేత ఒక పెద్ద కార్యమును చేయించినది. ఆయన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు. ఆ తల్లి అలమేలుమంగమ్మగారు.

శర్మగారు 1893వ సంవత్సరము జనవరి 23వ తేదీన, అనంతపురము జిల్లా కల్యాణదుర్గము ప్రాంతమందలి రాళ్లపల్లి గ్రామమున జన్మించిరి. కర్నూలు, కడప, అనంతపురము, బళ్లారి సీమలను ఆనాడు దత్తమండలములని పిలిచెడివారు. 1800లో నిజాము ప్రభువు ఈ ప్రాంతమును ఆంగ్లేయులకు ధారపోయుటచేత వచ్చిన పేరది. 1928 నవంబరులో, ఆనాటి కర్నూలు జిల్లాలోని నంద్యాలలో జరిగిన సభలయందు, చిలుకూరి నారాయణరావుగారి సూచనపై రాయలసీమ యను పేరు వచ్చినది. పేరు మాఱినను నేల మాఱలేదు. అది వానకై ఎదురుచూచు నేల. జొన్నయు, కొఱ్ఱయు, రాగియు పండించుకొని బ్రదుకు నేల. ఇట్టిచోట ధాన్యము గాదెలో నిలుచుట కష్టము. ఒకరు పంచుకొన్నంత మాత్రమున తఱుగనిది విద్య యొక్కటే గనుక, కరవుసీమలోని ఇండ్లు దానినే బిడ్డలకు ఆస్తిగా నిచ్చెను.

శర్మగారి తండ్రి కృష్ణమాచార్యులుగారు కుమారునకు సంస్కృతము చెప్పిరి. తల్లికి పాటలును, కీర్తనలును చాలా వచ్చును. ఆమె వానిని కుమారునకు నేర్పినది. తండ్రియొద్ద శబ్దమును, తల్లియొద్ద స్వరమును నేర్చిన బాలునకు సాహిత్యము వేఱు, సంగీతము వేఱు అను భేదము చిన్ననాటనే లేకపోయెను. తఱువాతి కాలమున శర్మగారిని ఎఱిగినవారు, ఆయన పండితులలో గాయకుడు, గాయకులలో పండితుడు అని మెచ్చుకొనిరి. ఆ మెప్పులో సగపాలు ఆ తల్లికి చెందవలసినదే.

పండ్రెండు పదుమూడేండ్ల ప్రాయమున ఆయన మైసూరు చేరి, పరకాలమఠమున సంస్కృతకావ్యములను చదివిరి. అప్పుడు మైసూరు మహారాజా కళాశాలలో కట్టమంచి రామలింగారెడ్డిగారు ఆచార్యులుగా నుండిరి. చిత్తూరుసీమ వారగు రెడ్డిగారు కేంబ్రిడ్జిలో చదివి వచ్చినవారు. పాతకావ్యములను క్రొత్తచూపుతో పరీక్షింపవలయునని వాదించినవారు. ఆయన ఈ యువకుని ప్రతిభను గుర్తించిరి. ఆయన ప్రోత్సాహముచే 1912లో, పందొమ్మిదేండ్ల వయసున, శర్మగారు ఆ కళాశాలలో తెలుగు పండితులైరి. అప్పటినుండి 1949 వఱకు వారు ఆ కొలువును విడువలేదు.

ఒక్క కళాశాల, ఒక్క పని, ముప్పదియేడేండ్లు! కన్నడదేశపు రాజధానిలో తెలుగు చెప్పు పంతులునకు పదవులును, పల్లకీలును ఎక్కడివి? మనలో ఉపాధ్యాయుల భార్యలుగా, తల్లులుగా, కుమార్తెలుగా నున్నవారికి ఈ బ్రదుకు తెలియును. గంట మ్రోగగానే పాఠము ముగియదు. అది ఇంటికి వచ్చును, భోజనమున కూరుచున్నప్పుడును వెంటనుండును. తాను చదివినది చాలునని గురువు తలచిన దినమున శిష్యుని చదువును ఆగిపోవును. శర్మగారు చాలునని తలపలేదు. ఉద్యోగములో నుండియే బిడారం కృష్ణప్పగారి వంటి విద్వాంసులయొద్ద శిష్యులై శాస్త్రీయసంగీతమును అభ్యసించిరి. కన్నడమునందు గ్రంథములు వ్రాయునంతగా ఆ భాషను స్వాధీనము చేసికొనిరి. సంగీతమును గూర్చిన వారి ‘గానకలె’ అట్టిదే.

1928లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు వారు కోరగా, అనంతపురమున వేమనను గూర్చి ఉపన్యాసములిచ్చిరి. అవి మఱుసటి యేడు గ్రంథమైనవి. అంతకు సరిగా నూఱేండ్లకు ముందు, 1829లో, కడపలో కొలువుచేసిన సి. పి. బ్రౌనుదొర వేమన పద్యములను ఇంగ్లీషు అనువాదముతో అచ్చువేయించెను. బ్రౌను పద్యములను ప్రోగుచేసెను. శర్మగారు ఆ పద్యముల వెనుకనున్న మనుష్యుని, అతని కాలమును, అతని వేదనను విచారించిరి. మఠమున చదివిన వైష్ణవపండితుడు, మఠములను మందలించిన వేమనను ఇంత ఆదరముతో చదువుట సామాన్యవిషయము కాదు. తనకు నచ్చినదానినే గాక, తన్ను ప్రశ్నించుదానిని గూడ చదువగలుగుట మంచి ఉపాధ్యాయుని లక్షణము.

ఆయన చదువుతీరు మనకు మఱింత దగ్గఱగా తెలియవలెనన్న, ‘నిగమశర్మ అక్క’ అను వ్యాసమును చూడవలయును. తెనాలి రామకృష్ణకవి ‘పాండురంగ మాహాత్మ్యము’లో నిగమశర్మ యను బ్రాహ్మణయువకుడు దుర్వ్యసనములకు లోనై ఇల్లు గుల్లచేయును. అది విని అతని అక్క, అత్తవారింటినుండి మగనితోను బిడ్డలతోను పుట్టింటికి వచ్చును. తమ్ముని తిట్టదు, కొట్టదు. అతనికి తలయంటి నీళ్లుపోయించి, అన్నము పెట్టి, చల్లని మాటలతో మంచిదారికి త్రిప్పజూచును. అతడు మాఱినట్లే కనబడి, ఒకరాత్రి ఇంటిలోని నగలన్నియు మూటగట్టుకొని పాఱిపోవును. తెల్లవాఱినపిమ్మట, ఆ అక్క క్రొత్తగా చేయించుకొన్న తన ముక్కఱ పోయెనే యని యేడ్చును.

ఈ కథలో కవి ఆమెకు పేరు పెట్టలేదు. అటుపై కథ నిగమశర్మ వెంట పోవును గాని ఆమెకొఱకు ఆగదు. చదువువారును అతని వెంటనే పోయిరి. శర్మగారు ఆమెయొద్ద ఆగిరి. కుమారుని అదుపుచేయలేని వృద్ధులగు తల్లిదండ్రులు, చెడిపోయిన తమ్ముడు, తన సంసారము — ఇన్నిటినడుమ ఇంటి పరువును నిలుపజూచిన ఆ స్త్రీని వెలుగులోనికి తెచ్చిరి. ఆమెకు పేరు లేకున్న నేమి? ఆమె బంధుత్వమే వ్యాసమునకు పేరైనది. తిక్కన రామాయణమందలి సీతను గూర్చియు వారు ఇట్లే ‘తిక్కన తీర్చిన సీతమ్మ’ యని వ్రాసిరి. పుస్తకములలోని స్త్రీలను దేవతలనియో, దోషులనియో గాక, ఇంటిలోని మనుష్యులుగా చూచు కన్ను ఆయనకుండెను. అట్టి కన్ను గ్రంథములు చదివినంతనే రాదు. ఇంటిలోని స్త్రీయొద్ద విద్య నేర్చినవానికి సులభముగా వచ్చును.

1949లో కొలువునుండి విశ్రాంతి పొందిన తఱువాత, అసలు పని ఆయనకొఱకు తిరుపతిలో కాచియుండెను. కడపసీమలోని తాళ్లపాకయందు పుట్టిన అన్నమాచార్యులు 1503లో పరమపదించెను. ఆయన ముప్పదిరెండువేల సంకీర్తనములను రచించెనని ప్రసిద్ధి. ఆయన సహధర్మచారిణి తిమ్మక్క ‘సుభద్రా కల్యాణము’ను వ్రాసినది, తెలుగున తొలి కవయిత్రి ఆమెయే యని పలువురు చెప్పుదురు. తాళ్లపాకవారి సంకీర్తనములను రెండువేలకు పైబడిన రాగిరేకులపై చెక్కించి, తిరుమల ఆలయములోని భాండారమున భద్రపఱచిరి. శతాబ్దములు గడచిన పిమ్మట, ఇరువదవ శతాబ్దమున వానిని పరిష్కరించి అచ్చువేయు పని సాగినది. ఆ పనిలో శ్రమించిన వేటూరి ప్రభాకరశాస్త్రిగారు 1950లో పరమపదింపగా, ఆ భారము శర్మగారిపై పడెను.

రేకులపై పాట యున్నది. పాటకు పైన రాగము పేరున్నది. స్వరము లేదు, ఏ మట్టున పాడిరో తెలుపు గుర్తు లేదు. కొండమలహరి వంటి కొన్ని రాగముల పేరులు నేటి కచేరీలలో వినరావు. రాగికి తుప్పు పట్టలేదు, అక్షరము చెడలేదు. కాని తల్లి బిడ్డకు, గురువు శిష్యునకు పాడి వినిపించు వరుస తెగిపోయినది. తెగినచోటనే మట్టులు కలసిపోయినవి. శర్మగారు సంపుటములను పరిష్కరించుటయే గాక, దాదాపు నూఱు సంకీర్తనములకు స్వరములు కూర్చి, జనులు మఱల పాడుకొనుటకు దారి తీసిరి. ఆ స్వరములు అన్నమయ్యనాటివి కావు. తల్లియొద్దను, గురువులయొద్దను నేర్చిన చెవి చెప్పినట్లు శర్మగారు కూర్చినవి. నేడు మన ఇండ్లలో వినబడు అన్నమయ్య పాటలకు త్రోవ వేసినవారిలో ఆయన ముందువారు.

ఇందు మనము గమనింపవలసిన విషయ మొకటి యున్నది. అన్నమయ్య తన పాటలకు కొన్ని బాణీలను ఎచ్చటినుండి తెచ్చుకొనెను? సువ్వి పాట దంచునప్పటిది. జోలయు, లాలియు ఉయ్యాలయొద్దివి. గొబ్బియు, కోలాటమును పల్లెముంగిళ్లలోనివి. రోకలి పట్టిన చేతులును, తొట్టె నూపిన చేతులును ఈ పాటలకు మొదటి తాళము వేసినవి. పండితులు మెచ్చు సంకీర్తనమునకు పుట్టిల్లు మన వంటయింటికి దూరమున లేదు.

“మా పాటల కేమి విలువ? మాకు సంగీతము రాదు. పనిలో తీఱిక యేది?” అని మీరనవచ్చును. ఈనాడు తిరుగలి మూలబడినది. రోలు పెరటిలో బోర్లపడినది. పనితో పుట్టిన పాట పనితోడనే పోవుచున్నది. కర్నూలు, కడప పల్లెలలో కలుపుతీయుచు పాడిన అవ్వలు, పెండ్లిలో నలుగుపాట యెత్తిన పెద్దమ్మలు ఇంకను కొందఱున్నారు. వారిలో ఒక్కొక్కరు పోవునప్పుడు, ఏ రేకుమీదను లేని పాటలు వారితో పోవుచున్నవి. రాగిరేకులున్న అన్నమయ్యకే మట్టులు దక్కలేదు. ఏ రేకులును లేని మన అవ్వల పాటలకు దిక్కెవరు?

కావున సోదరీమణులారా, ఈ నెల ఒక చిన్నపని చేయుడు. మీ యింటిలోనో, పొరుగింటిలోనో ఉన్న పెద్దదానిని కూర్చుండబెట్టి ఒక్క పాట పాడించుకొనుడు. మాటలను కాగితముపై వ్రాయుడు. గొంతును మీ చేతిలోని ఫోనులో పట్టుడు. దానిపై ఆమె పేరును, ఊరును, ఆ పాటను ఎప్పుడు పాడెడివారో ఆ సందర్భమును గూడ చేర్చుడు. పేరు లేని అక్కలు మన సాహిత్యములో ఇప్పటికే చాలమంది యున్నారు. అంతటితో ఆగక, ఆ పాటను ఇంటిలోని బిడ్డకు నేర్పుడు. ఫోనులో దాగిన పాట రేకుపై చెక్కిన పాట వంటిదే. బిడ్డ గొంతులోనికి వచ్చినప్పుడే అది బ్రదికినట్లు.

శర్మగారికి 1970లో కేంద్ర సంగీత నాటక అకాడమీ వారి సభ్యత్వగౌరవమును, 1974లో మద్రాసు సంగీత అకాడమీ వారి సంగీతకళానిధి బిరుదమును లభించెను. 1979 మార్చి 11వ తేదీన వారు పరమపదించిరి. అలమేలుమంగమ్మగారికి బిరుదము లెవ్వరును ఈయలేదు. అయినను ఆమె చిన్నబిడ్డకు పాట నేర్పకుండినచో, తాళ్లపాకవారి రేకులయందు అక్షరములను చదువగల పండితుడు దొరకియుండును గాని, వానికి గొంతు నీయగలవాడు అంత సులభముగా దొరకియుండడు. మీ యొడిలోని బిడ్డ రేపు ఏ రేకులను విప్పవలసియున్నదో మనకు తెలియదు. పాటను మాత్రము నేడే యీయుడు.