రాయి సంగతి తర్వాత, ముందు పట్టుపురుగు

చింతామణి, బాగేపల్లి, చిక్కబళ్ళాపురం పిల్లలకు,

రాయికీ నీటికీ అణువుకూ కూడా మనసుంటుందన్న మాట ఈ మధ్య మీ నోట తరచుగా వింటున్నాను. "మన పెద్దలు ఎప్పుడో చెప్పినారు తాతా, ఇప్పుడు దొరలు ఒప్పుకున్నారు" అని ఒకడు రొమ్ము విరుచుకుంటాడు. "రాయికి మనసేంది!" అని ఇంకొకడు నవ్వుతాడు. ఇద్దరిదీ తొందరే.

దొరలు ఒప్పుకోలేదు నాయనా, ఇంకా వాదించుకుంటున్నారు. భౌతికశాస్త్రం ఎలక్ట్రాన్ ఏం చేస్తుందో చెబుతుంది గానీ లోపల అదేమిటో చెప్పదు, ఆ లోపలిది కాస్తంత ఎరుక ఎందుకు కాకూడదు అంటాడు తత్వవేత్త ఫిలిప్ గాఫ్, 2019లో రాసిన పుస్తకంలో. ఈ దారికి అడ్డం ఎక్కడుందో విలియం జేమ్స్ అనే తత్వవేత్త 1890లోనే చూపించాడు. పన్నెండు మాటల వాక్యాన్ని పన్నెండుమందికి తలా ఒక మాటగా పంచితే, వాక్యం మొత్తం ఎవరికీ తెలియదు. మరి అణువుల చిన్నచిన్న ఎరుకలన్నీ కలిసి నీ ఒక్క తలనొప్పి ఎట్లయింది? అందరూ ఒప్పుకునే జవాబు ఇంకా రాలేదు.

రాయికి మనసుందనడానికి శాస్త్రవేత్త జగదీశ్ చంద్ర బోసును సాక్ష్యానికి పిలవకండి. లోహమూ మొక్కా కండరమూ ఒకే తీరుగా స్పందిస్తాయని ఆయన 1901లో లండన్‌లో చూపించిన మాట నిజమే. స్పందించినదల్లా నొచ్చుకుంటుందని దానితో తేలదు.

ఇక మన పెద్దలు. గాజులమ్ముకుంటూ తిరిగిన యోగి కైవారం తాతయ్య తత్వాలు భజనల్లో పాడుకునే మనకు, అన్నిటా ఒకటే చైతన్యం అన్న మాట కొత్త కాదు. కానీ అద్వైతుల లెక్కలో మనసు కూడా జడమే. రాయిలో చైతన్యముందంటే మనలాగా ఆలోచిస్తుందని కాదు. జైనుల దారి వేరు. మట్టికీ నీటికీ నిప్పుకూ గాలికీ జీవముందన్నారు, కానీ వాటికి స్పర్శ ఒక్కటే ఇచ్చి, పురుగును అంతకంటే పై మెట్టున పెట్టారు. నాకు ఆ మెట్లే నచ్చాయి. అన్నిటికీ ఉందనేసి ఊరుకుంటే, ఎవరికీ ఏమీ బాకీ లేనట్టే.

ఆ పై మెట్టు పురుగు మన పక్కనే ఉంది. పట్టుగూళ్ల సంత జరిగే శిడ్లఘట్ట మనకు ఎంత దూరం? మన పక్క ఎన్ని ఇండ్లు పట్టుగూళ్ల మీద బతుకుతున్నాయో మీకు నేను చెప్పాలా? కుబుసం విడిచే నాలుగు జ్వరాలు దాటేదాకా పురుగును పసిబిడ్డలా సాకుతాం, వేళకు ఆకు వేస్తాం, కొత్తవాళ్లను లోపలికి రానీయం. గూడు కట్టినాక, పురుగు రెక్కల చిలుకగా మారి బయటికొస్తే పోగు తెగుతుందని లోపలుండగానే చంపేస్తాం. ఆయుధపూజ నాడు ట్రాక్టరుకు కుంకుమ పెట్టే చేతులే ఇవి. తప్పని నేననను, ఆ సొమ్ముతోనే ఎందరో చదువుకున్నారు. అయినా నరాలున్న జీవిని వదిలి గ్రానైటు మనసు గురించి తగువులాడటం నాకు వింతగా ఉంది.

చిలుక వెళ్లిపోయాకే గూళ్లనుంచి నూలు వడికే పద్ధతి హైదరాబాదు వాసి కుసుమ రాజయ్య చేసి చూపించారు. బట్ట ఖరీదెక్కువ, మెరుపు తక్కువ. దాన్నీ నమ్మే ముందు నిలదీయండి. ఆ చిలుక ఎగరలేదు, తినదు, గుడ్లు పెట్టి కొద్దిరోజుల్లో పోతుంది. వందల గుడ్లు. వాటినుంచి వచ్చే పురుగులకు ఆకు ఎవరు వేస్తారు?

మీ తాత